ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ద్వారా తయారైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేజీలలో ప్రదర్శన లోపాలు

ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉన్న సమాచారాన్ని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే స్టైలుషీటు భాష సహాయంతో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేజీగా మార్చినప్పుడు, ఆ పేజీ బ్రౌజరులో అనుకున్న విధంగా కనిపించకపోవడాన్ని ప్రదర్శన లోపం అంటారు. పేజీ పూర్తిగా ఖాళీగా కనిపించడం, అలంకరణ లేకుండా అక్షరాలన్నీ ఒకే వరుసలో పడడం, తెలుగు అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు రావడం, దోష సందేశం తప్ప మరేమీ కనిపించకపోవడం ఇందులో తరచుగా ఎదురయ్యేవి. లోపం కనిపించేది బ్రౌజరులోనే అయినా, దాని మూలం చాలా సందర్భాలలో అంతకు ముందరి దశలో ఉంటుంది. కాబట్టి లోపం యొక్క రూపాన్ని బట్టి అది ఏ దశకు చెందినదో ముందుగా నిర్ణయించడం పరిష్కారంలో ముఖ్యమైన పని.

నేపథ్యం

ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రమాణాన్ని డబ్ల్యూ3సీ సంస్థ 1998 ఫిబ్రవరి 10న విడుదల చేసింది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0, దానితో పాటు ఎక్స్‌పాత్ 1.0 ప్రమాణాలు 1999 నవంబరు 16న వెలువడ్డాయి. హెచ్‌టీఎంఎల్‌ను ఎక్స్‌ఎంఎల్ నియమాలకు లోబడి తిరిగి రాసిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 ప్రమాణం 2000 జనవరి 26న వచ్చింది. సమాచారాన్ని ఒకచోట, దాని రూపురేఖలను మరొకచోట ఉంచడం ఈ మూడింటి వెనుక ఉన్న ఆలోచన.

హెచ్‌టీఎంఎల్‌కూ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌కూ చూపులో తేడా తక్కువ, చదివే పద్ధతిలో తేడా ఎక్కువ. హెచ్‌టీఎంఎల్‌ను చదివే పార్సరు తప్పులను సర్దుకుంటూ ముందుకు సాగుతుంది. ఎక్స్‌ఎంఎల్ పార్సరు మూయని ట్యాగు ఒక్కటి ఎదురైనా అక్కడితో ఆగిపోతుంది. ఒకే ఫైలును ఒక బ్రౌజరు మొదటి పద్ధతిలోనూ, మరొకటి రెండవ పద్ధతిలోనూ చదవడం వల్లనే ఒకచోట బాగున్న పేజీ మరొకచోట చెడిపోయినట్లు కనిపిస్తుంది.

ఉదాహరణ: రాజాం వివరాలు

ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగుల పేర్లను తెలుగులోనూ రాసుకోవచ్చు. ఉత్తరాంధ్రకు చెందిన రాజాం పట్టణం వివరాలను ఈ విధంగా నమోదు చేశారనుకుందాం:

<ఊరు>
  <పేరు>రాజాం</పేరు>
  <జిల్లా>విజయనగరం</జిల్లా>
  <పూర్వజిల్లా>శ్రీకాకుళం</పూర్వజిల్లా>
</ఊరు>

రాజాం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలోకి మారింది. వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు కూడా అదే రోజున మారాయి. ఈ ఊళ్ళ గురించి వందల పేజీలు ఉన్న వెబ్‌సైటులో ప్రతి పేజీని విడిగా దిద్దవలసి వస్తే ఎక్కడో ఒకచోట పాత జిల్లా పేరు మిగిలిపోతుంది. డేటా ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటే జిల్లా పేరును ఒక్క చోట మార్చి పేజీలన్నింటినీ తిరిగి తయారు చేయవచ్చు. ఈ ప్రయోజనానికి మరో వైపు కూడా ఉన్నది. స్టైలుషీటులో ఒక్క తప్పు దొర్లితే అన్ని పేజీలూ ఒకేసారి చెడిపోతాయి.

పేజీ సాగే ఐదు దశలు

డేటా నుండి తెర వరకు పేజీ ఐదు దశలు దాటుతుంది:

1. మూలం: ఎక్స్‌ఎంఎల్ ఫైలు నియమబద్ధంగా ఉండడం.
2. మార్పిడి: స్టైలుషీటులోని టెంప్లేట్లు డేటాకు వర్తించి, ఫలితం ఒక వృక్షంగా ఏర్పడడం.
3. అవుట్‌పుట్: ఆ వృక్షాన్ని ట్యాగులతో కూడిన ఫైలుగా రాయడం.
4. పంపిణీ: సర్వరు ఆ ఫైలు రకాన్ని ప్రకటించి బ్రౌజరుకు పంపడం.
5. ప్రదర్శన: బ్రౌజరు దానిని చదివి, సీఎస్‌ఎస్, స్క్రిప్టులు, ఫాంట్లతో తెరపై చూపడం.

ఒక దశలో పుట్టిన లోపాన్ని తరువాతి దశలో సరిచేయబోతే అది తాత్కాలికంగా కప్పబడుతుందే గాని పోదు. ఖాళీ పేజీకి కారణం మూడవ దశలో ఉండగా సీఎస్‌ఎస్‌ను ఎంత దిద్దినా ఫలితం ఉండదు.

మూలంలో లోపాలు

డేటాలో "శ్రీకాకుళం & విజయనగరం" అని నేరుగా రాస్తే ఎక్స్‌ఎంఎల్ పార్సరు అంగీకరించదు. అంపర్సెండ్ గుర్తును &#38; అని రాయవలసి ఉంటుంది. హెచ్‌టీఎంఎల్‌లో విడిపోని ఖాళీకి వాడే పేరు ఎక్స్‌ఎంఎల్‌కు తెలియదు కనుక దాని బదులు &#160; అనే సంఖ్యారూపం వాడాలి.

తెలుగు ట్యాగులకు సంబంధించి ఒక సూక్ష్మం ఉన్నది. "పిన్‌కోడు" వంటి పదాలలో పొల్లును విడిగా నిలపడానికి కంటికి కనిపించని ఒక అక్షరం వాడుతారు. యూనికోడ్‌లో దాని స్థానం 8204. ఎక్స్‌ఎంఎల్ 1.0 మొదటి నాలుగు కూర్పుల ప్రకారం ఈ అక్షరం ట్యాగు పేరులో చెల్లదు; 2008లో వచ్చిన ఐదవ కూర్పు దానిని అనుమతించింది. పాత నియమాలను అనుసరించే పార్సర్లు నేటికీ ఉన్నందున ట్యాగు పేర్లలో దానిని వాడకపోవడం మేలు. అంతేకాక, డేటాలో ఆ అక్షరం ఉండి స్టైలుషీటులో లేకపోతే పార్సరు దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు.

మార్పిడిలో లోపాలు

టెంప్లేటు వర్తించకపోవడం: పేజీలో పట్టికలు, శీర్షికలు ఏవీ లేకుండా "రాజాం విజయనగరం శ్రీకాకుళం" అని డేటా మాత్రమే వరుసగా కనిపిస్తే, రాసిన టెంప్లేట్లు ఏవీ డేటాతో సరిపోలలేదని అర్థం. సరిపోలని అంశానికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తన అంతర్గత నియమాలను వాడి, అందులోని పాఠ్యాన్ని యథాతథంగా బయటకు పంపుతుంది. దీనికి సాధారణ కారణం నేమ్‌స్పేసు. డేటా ఫైలు మూల ట్యాగులో ఉపసర్గ లేని నేమ్‌స్పేసు ప్రకటన ఉంటే, ఎక్స్‌పాత్ 1.0లో "ఊరు" అని మాత్రమే రాసిన టెంప్లేటు ఆ ట్యాగును పట్టుకోలేదు. స్టైలుషీటులో అదే నేమ్‌స్పేసుకు ఒక ఉపసర్గను ప్రకటించి, దానితో కలిపి పేరు రాయాలి.

విభక్తి విడిపోవడం: తెలుగులో విభక్తి ప్రత్యయం పదానికి అతుక్కుని ఉంటుంది. టెంప్లేటులో ఊరు పేరును తెచ్చే ఆదేశం ఒక వరుసలో, "లో" అనే అక్షరం తరువాతి వరుసలో ఉంటే, మధ్యనున్న వరుస మార్పు కూడా పాఠ్యంలో భాగమై "రాజాం లో" అని విడిగా కనిపిస్తుంది. ప్రత్యయాన్ని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ టెక్స్ట్ ఆదేశంలో పొదిగితే "రాజాంలో" అని సరిగా వస్తుంది. ఫలితాన్ని మెట్లుమెట్లుగా అమర్చే ఇండెంట్ ఎంపిక వల్ల కూడా పక్కపక్కనున్న రెండు ట్యాగుల మధ్య ఇటువంటి ఖాళీ చేరవచ్చు.

అక్షరం ముక్కలు కావడం: పేరులో మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపడానికి లేదా అకారాది సూచిక తయారు చేయడానికి సబ్‌స్ట్రింగ్ ఫంక్షను వాడుతారు. అది లెక్కించేది యూనికోడ్ స్థానాలను, తెలుగు అక్షరాలను కాదు. "శ్రీకాకుళం" అనే పదంలో మొదటిది శ, రెండవది పొల్లు, మూడవది ర, నాలుగవది దీర్ఘమైన గుడి. మొదటి స్థానాన్ని మాత్రమే వేరు చేసి ఒక ట్యాగులో ఉంచితే "శ" ఒకచోట, మిగిలిన ముక్క చుక్కల వలయంతో మరొకచోట కనిపించవచ్చు. చూసేవారు దీనిని ఫాంటు లోపంగా పొరబడతారు. నిజానికి ఇది స్టైలుషీటు చేసిన విభజన.

అవుట్‌పుట్‌లో లోపాలు

ఖాళీ పేజీ: ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో అవుట్‌పుట్ పద్ధతిని ఎక్స్‌ఎంఎల్ అని నిర్దేశిస్తే, లోపల ఏమీ లేని ప్రతి ట్యాగూ తనలో తానే మూసుకున్న రూపంలో వెలువడుతుంది. స్టైలుషీటులో ప్రారంభ, ముగింపు ట్యాగులు విడివిడిగా రాసినా ఫలితం అదే. ఎక్స్‌ఎంఎల్‌కు రెండు రూపాలూ సమానం. కాని ఆ ఫైలును హెచ్‌టీఎంఎల్‌గా చదివే బ్రౌజరు ట్యాగు చివరనున్న వాలుగీతను పట్టించుకోదు. స్క్రిప్ట్ ట్యాగు అలా మూసుకుంటే, అది ఇంకా తెరిచే ఉన్నదని భావించి మిగతా పేజీ మొత్తాన్ని స్క్రిప్టుగా మింగివేస్తుంది. ఫలితంగా తెర ఖాళీగా ఉంటుంది. ఇదే విధంగా టెక్స్ట్‌ఏరియా ట్యాగు మూతపడకపోతే పేజీలోని మిగతా భాగం ఆ పెట్టెలో ట్యాగులతో సహా కనిపిస్తుంది. లంకె కొరకు వాడే ఏ ట్యాగు మూతపడకపోతే దాని తరువాతి పాఠ్యం లంకెగా మారుతుంది.

దీనికి మూడు మార్గాలు కలవు. మొదటిది, ట్యాగు లోపల ఒక ఖాళీని గాని వ్యాఖ్యను గాని ఉంచడం. స్క్రిప్ట్ ట్యాగుకు ఇది చాలు. రెండవది, అవుట్‌పుట్ పద్ధతిని హెచ్‌టీఎంఎల్‌గా మార్చడం. అయితే 1.0 ప్రమాణం ప్రకారం ఈ పద్ధతి నేమ్‌స్పేసు లేని ట్యాగులనే హెచ్‌టీఎంఎల్‌గా గుర్తిస్తుంది కనుక స్టైలుషీటులో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ నేమ్‌స్పేసును తీసివేయవలసి ఉంటుంది. మూడవది, 2007 జనవరి 23న వెలువడిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0లోని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అవుట్‌పుట్ పద్ధతిని వాడడం. రెండు రకాల పార్సర్లకూ నప్పే విధంగా ట్యాగులను రాయడమే దాని ఉద్దేశం.

అలంకరణ లేని భాగాలు: పేజీలో కొంత భాగం బాగుండి, మరికొంత భాగం శీర్షికలు, పట్టికలు లేని సాదా పాఠ్యంగా కనిపిస్తే, ఆ భాగపు ట్యాగులలో ఖాళీ నేమ్‌స్పేసు ప్రకటన ఉన్నదేమో చూడాలి. ప్రధాన స్టైలుషీటులో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ నేమ్‌స్పేసు ప్రకటించి, దానిలోకి చేర్చుకున్న మరొక ఫైలులో ప్రకటించకపోతే ఇలా జరుగుతుంది. ఎక్స్‌ఎంఎల్‌గా చదివే బ్రౌజరుకు నేమ్‌స్పేసు లేని పేరా ట్యాగు పేరా కాదు, అర్థం తెలియని ఒక పేరు మాత్రమే. ప్రకటన ప్రతి స్టైలుషీటు ఫైలులోనూ ఉండాలి.

డాక్‌టైపు: 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, డాక్‌టైపుకు ముందు ఎక్స్‌ఎంఎల్ ప్రకటన ఉంటే పేజీని పాత అలవాట్ల రీతిలో చూపేది. దానివల్ల పెట్టెల వెడల్పులు మారిపోయేవి. యూటీఎఫ్-8 వాడే పేజీలకు ఆ ప్రకటన తప్పనిసరి కాదు కనుక దానిని వదిలివేయడం నాటి పరిష్కారం. డాక్‌టైపు అసలే లేకపోతే హెచ్‌టీఎంఎల్‌గా చదివే నేటి బ్రౌజర్లు కూడా ఆ పాత రీతినే ఎంచుకుంటాయి. హెచ్‌టీఎంఎల్5కు కావలసిన చిన్న డాక్‌టైపును ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 నేరుగా రాయలేదు. ఇటువంటి సాధనాల కొరకే ఆ ప్రమాణంలో "లెగసీ-కాంపాట్" అనే పొడిగింపుతో కూడిన డాక్‌టైపును అనుమతించారు.

పంపిణీలో లోపాలు

ఫైలును ఏ పార్సరుతో చదవాలన్నది ఫైలు లోపలి డాక్‌టైపును బట్టి కాక, సర్వరు ప్రకటించే మైమ్ రకాన్ని బట్టి బ్రౌజరు నిర్ణయిస్తుంది. టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని పంపితే హెచ్‌టీఎంఎల్ పార్సరు, అప్లికేషన్/ఎక్స్‌హెచ్‌టీఎంఎల్+ఎక్స్‌ఎంఎల్ అని పంపితే ఎక్స్‌ఎంఎల్ పార్సరు పని చేస్తాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 వరకు రెండవ రకాన్ని గుర్తించక, పేజీని దించుకోమని అడిగేది. 2011లో వచ్చిన 9వ కూర్పు నుండి ఈ ఇబ్బంది తొలగింది. ఈ కారణంగా 2000లలో ఎక్కువ వెబ్‌సైట్లు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ డాక్‌టైపు ఉన్న పేజీలను టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్‌గానే పంపేవి. తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియా పేజీలు కూడా 2012లో హెచ్‌టీఎంఎల్5కు మారే వరకు ఇదే పద్ధతిలో ఉండేవి.

ఎక్స్‌ఎంఎల్‌గా పంపిన పేజీలో తప్పు ఉంటే ఫైర్‌ఫాక్స్ పేజీ బదులు దోష సందేశాన్ని చూపుతుంది. క్రోమ్ తప్పు ఉన్నచోటి వరకు పేజీని చూపి, పైన సందేశం ఉంచుతుంది. ఆ సందేశంలోని వరుస సంఖ్య లోపాన్ని వెదకడానికి నేరుగా ఉపయోగపడుతుంది.

తెలుగు అక్షరాల లోపాలు

తెలుగు సరిగా కనిపించని సందర్భాలను చూపును బట్టి నాలుగు విధాలుగా విభజించవచ్చు.

పిచ్చి గుర్తులు: యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క స్థానానికి మూడు బైట్లు కావాలి. "రాజాం" అనే మాటలో ర, దీర్ఘం, జ, దీర్ఘం, సున్న అని ఐదు స్థానాలు, అనగా 15 బైట్లు ఉన్నాయి. ఆ బైట్లను బ్రౌజరు పశ్చిమ ఐరోపా ఎన్‌కోడింగులో చదివితే, తలపై చిన్న గీత గల రోమన్ అక్షరమూ దాని పక్కన డిగ్రీ గుర్తూ ఐదుసార్లు పునరావృతమై కనిపిస్తాయి. ఇది ఎన్‌కోడింగు లోపం. డేటా చెడిపోలేదు, చదివే పద్ధతి తప్పింది. సర్వరు ప్రకటన, అవుట్‌పుట్ నిర్దేశం, మెటా ట్యాగు మూడూ యూటీఎఫ్-8 అనే చెప్పాలి. మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఫలితాన్ని స్ట్రింగుగా తీసుకున్నప్పుడు ప్రకటనలో యూటీఎఫ్-16 అని చేరడం, ఫైలు మాత్రం యూటీఎఫ్-8లో భద్రం కావడం కూడా జరిగేది.

ప్రశ్నార్థకాలు: అక్షరాల స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు ఉంటే, తెలుగు లేని ఎన్‌కోడింగులోకి మార్చినందువల్ల అసలు సమాచారమే పోయి ఉంటుంది. బ్రౌజరు అమరికలతో దానిని తిరిగి తేలేము. మూల ఫైలు నుండి పేజీని మళ్ళీ తయారు చేయాలి.

డబ్బాలు, విడిపోయిన ఒత్తులు: డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదని అర్థం. ఒత్తులు, గుణింతపు గుర్తులు విడివిడిగా కనిపిస్తే అక్షరాలను కూర్చే వ్యవస్థ పని చేయడం లేదని అర్థం. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. తాజా కంప్యూటర్లలో, ఫోన్లలో ఈ ఇబ్బంది అరుదు కనుక, నేడు చుక్కల వలయం కనిపిస్తే ముందుగా సబ్‌స్ట్రింగ్ విభజనను అనుమానించడం సమంజసం.

అర్థం లేని రోమన్ అక్షరాలు: యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లను వాడేవి. వాటిలో తెలుగు అక్షరాల బొమ్మలు రోమన్ అక్షరాల స్థానాలలో ఉండేవి. అటువంటి పాఠ్యాన్ని ఎక్స్‌ఎంఎల్‌లో అతికిస్తే రోమన్ అక్షరాలే మిగులుతాయి. ఫైర్‌ఫాక్స్‌కు లభించిన పద్మ అనే పొడిగింపు ఇటువంటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. డేటాను ముందుగా యూనికోడ్‌లోకి మార్చడమే దీనికి సరైన పరిష్కారం.

సీఎస్‌ఎస్, స్క్రిప్టు లోపాలు

* ఎక్స్‌ఎంఎల్‌గా చదివిన పేజీలో సీఎస్‌ఎస్‌లోని ట్యాగు పేర్లకు పెద్దక్షరాల, చిన్నక్షరాల తేడా ఉంటుంది. పెద్దక్షరాలతో రాసిన నియమం చిన్నక్షరాల ట్యాగుకు వర్తించదు.
* హెచ్‌టీఎంఎల్ పార్సరు పట్టికలో టీబాడీ ట్యాగును తానే చేర్చుతుంది, ఎక్స్‌ఎంఎల్ పార్సరు చేర్చదు. టీబాడీపై ఆధారపడిన అలంకరణ రెండవ దానిలో కనిపించదు.
* స్క్రిప్టులో డాక్యుమెంట్.రైట్ ఆదేశం ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌లో పని చేయదు.
* తెలుగు పాఠ్యానికి భాషను బట్టి ఫాంటు నిర్ణయించినపుడు, హెచ్‌టీఎంఎల్‌గా పంపే పేజీలో సాధారణ లాంగ్ లక్షణం ఉండాలి. ఎక్స్‌ఎంఎల్ ఉపసర్గతో కూడిన లాంగ్ ఒక్కటే ఉంటే ఆ నియమం వర్తించదు.

బ్రౌజరులోనే మార్పిడి

ఎక్స్‌ఎంఎల్ ఫైలు పైభాగంలో స్టైలుషీటు చిరునామా ఇచ్చి, మార్పిడిని బ్రౌజరుకే వదిలివేయడం మరొక పద్ధతి. ఇందులో పేజీ మూలాన్ని చూసే ఆదేశం ఇస్తే అసలు ఎక్స్‌ఎంఎల్ మాత్రమే కనిపిస్తుంది. మారిన ఫలితాన్ని చూడడానికి డెవలపర్ పరికరాలలోని ఇన్‌స్పెక్టరు వాడాలి. కంప్యూటరులో నేరుగా తెరిచిన ఫైలుకు స్టైలుషీటును జోడించడానికి క్రోమ్ భద్రతా కారణాల వల్ల నిరాకరిస్తుంది. అందువలన పరీక్ష కొరకు స్థానిక సర్వరు వాడవలసి ఉంటుంది. పేజీలో ట్యాగులే అక్షరాలుగా కనిపిస్తే, ఎస్కేపింగును నిలిపివేసే లక్షణాన్ని ఫైర్‌ఫాక్స్ అమలు చేయకపోవడం కారణం కావచ్చు. ట్యాగులతో కూడిన పాఠ్యాన్ని డేటాలో నిజమైన ట్యాగులుగానే ఉంచి, కాపీ-ఆఫ్ ఆదేశంతో తేవడం నమ్మదగిన మార్గం. డేటాలో జిల్లా పేరు మార్చినా పాత పేరే కనిపిస్తుంటే, బ్రౌజరు దాచుకున్న పాత ఫైలును కూడా అనుమానించాలి.

పరిశీలనా క్రమం

1. ఎక్స్‌ఎంఎల్ ఫైలును, స్టైలుషీటును విడివిడిగా పార్సరుతో పరీక్షించాలి.
2. మార్పిడిని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ లేదా శాక్సన్ వంటి సాధనంతో బ్రౌజరు వెలుపల జరిపి, ఫలితాన్ని ఫైలుగా భద్రపరచాలి.
3. ఆ ఫైలులో నేమ్‌స్పేసులు, తమలో తామే మూసుకున్న ట్యాగులు, ఎన్‌కోడింగు ప్రకటన చూడాలి.
4. సర్వరు పంపే మైమ్ రకాన్ని డెవలపర్ పరికరాలలో నిర్ధారించుకోవాలి.
5. చివరిగా మాత్రమే సీఎస్‌ఎస్‌ను, స్క్రిప్టును, ఫాంటును పరిశీలించాలి.

భద్రపరచిన ఫైలులో లోపం ఉంటే అది మొదటి మూడు దశలకు చెందినది. ఫైలు సరిగా ఉండి తెర తప్పుగా ఉంటే అది చివరి రెండు దశలకు చెందినది. ఒకేసారి పలు మార్పులు చేయక, ఒక్కొక్క మార్పు తరువాత పేజీని చూస్తే అసలు కారణం తెలుస్తుంది.

తరువాతి పరిణామాలు

ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 రూపకల్పనను నిలిపివేస్తున్నట్లు డబ్ల్యూ3సీ 2009లో ప్రకటించింది. హెచ్‌టీఎంఎల్5 2014 అక్టోబరు 28న ప్రమాణమైంది. అందులో ఎక్స్‌ఎంఎల్ రూపానికి కూడా చోటు కల్పించారు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0 2017 జూన్ 8న వెలువడినా, బ్రౌజర్లు 1.0 వద్దనే ఆగిపోయాయి. భద్రతా కారణాలను చూపి, బ్రౌజరు నుండి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తొలగించే ఉద్దేశాన్ని క్రోమ్ బృందం 2025లో ప్రకటించింది. కాబట్టి బ్రౌజరులోనే మార్పిడి జరిగే పాత వెబ్‌సైట్లు ఆ పనిని సర్వరుకు మార్చుకోవలసిన అవసరం ఏర్పడింది. సర్వరులో గాని ముందుగానే గాని మార్పిడి జరిపే పద్ధతికి ఈ నిర్ణయంతో సంబంధం లేదు. ఎక్స్‌ఎంఎల్‌లో భద్రపరచిన డేటా కూడా చెక్కుచెదరదు. రాజాం వివరాలను ఒకచోట దిద్ది అన్ని పేజీలలో సరిచేసుకునే సౌలభ్యం అలాగే ఉంటుంది.